గాలి తీసిన కూర

నవ్వనని మాటిస్తేనే చెబుతాను.

నేను దర్జీని. మంచి కుట్టు కనిపిస్తే నడిరోడ్డు మీదైనా ఆగి చూస్తాను. అలాంటివాడికి, ప్లాస్టిక్ సంచిలోంచి గాలంతా లాగేసి అంచులు అతికించేసే మెషీను కనబడితే మతి పోదా? సూది లేదు, దారం లేదు, వెంట్రుకవాసి సందు లేదు! కొనేశాను.

మా ఆవిడ పది రోజుల ట్రైనింగుకి వెళ్తూ, మా ఇంటికి వచ్చి ఉన్న వాళ్ళ నాన్నను నాకు అప్పగించింది.

"నాన్నకి రోజూ వేడివేడిగా వండి పెడతారా?"

"అదెంత పని!" అన్నాను.

ఆవిడ బయల్దేరిన ఆదివారమే పని తేల్చేశాను. బంగాళాదుంప కూర, చిక్కుడుకాయ కూర, కోడికూర కలిపి ఇరవై ప్యాకెట్లు. ఫ్రిజ్‌లో ఆరే పట్టాయి. మిగతా పద్నాలుగూ బీరువా మీదకి ఎక్కించాను. గాలే లేనప్పుడు ఇంకేం పాడవుతుంది?

"అమ్మాయికి చెప్పకండి మామయ్యా."

"నా నోటితో చెప్పను. మీరు షాపు చూసుకోండి, ప్యాకెట్లు నేను వేడి చేస్తాను."

నాలుగో రోజు బంగాళాదుంప అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది. ఆరో రోజు చిక్కుడుకాయ లేతదనం కూడా పోలేదు. నాకు ఒళ్ళు పులకరించింది.

"ఇది ఆదివారం కూరంటే నమ్ముతారా?"

"నమ్మలేను బాబూ," అన్నారు మామగారు, ఎంతో గంభీరంగా.

ఆవిడ ఫోన్ చేసింది. "కూరెలా ఉంది?"

"అద్భుతం! ఆ చేతికి దణ్ణం పెట్టాలి."

"ఎవరి చేతికి?"

"నా చేతికే!"

ఎనిమిదో రోజు ఈ వింత చూపిద్దామని పక్క షాపు మంగలిని తీసుకొచ్చాను. స్టూలెక్కి ఒక ప్యాకెట్టు దించాను. దిండులా ఉబ్బి ఉంది.

"గాలి తీశానన్నావు? ఇది ఊపిరి పీలుస్తోందేంటి?" అన్నాడు మంగలి.

నేను కత్తెర అందుకున్నాను.

"ఆగండి! కోయకండి!" మామగారి అరుపుకి కత్తెర జారిపోయింది.

ఆయన డబ్బాల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు చేశారని తెలుసు. డబ్బాలు కొట్టేవారనుకున్నాను. డబ్బాలో తిండి మంచిదో కాదో తేల్చేవారట!

"గాలి లేనిచోటే పెరిగే క్రిములున్నాయి బాబూ. ఉబ్బితే రుచి కూడా చూడకూడదు. ఉబ్బకపోయినా, వాసన రాకపోయినా, బయట ఉన్న కూరని నమ్మకూడదు. సీలు వేసినా వండింది ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. నెలలు కావాలంటే గడ్డకట్టించాలి. బయట నిలవుండేవి బియ్యం, పప్పుల్లాంటి ఎండు సరుకులే."

ప్యాకెట్టుని రెండు వేళ్ళతో ఎత్తి దూరంగా పెట్టాను. "మరి మనం తిన్నది?"

"మూడు రోజులు ఫ్రిజ్‌లోవి. తర్వాతవి మీరు షాపుకెళ్ళాక నేను వండినవి."

ప్యాకెట్లో గాలి చేరింది, నాలో గాలి పోయింది. కళ్ళప్పగించి ఆ ముసలాయన్నే చూస్తుండిపోయాను. రోజూ ఎదురుగా కూర్చుని, నవ్వైనా రానీకుండా నా పొగడ్తలు విన్న మనిషి!

"అమ్మాయికి చెప్పనన్నారు!"

"చెప్పలేదు. వీడియో కాల్‌లో బీరువా మీది ప్యాకెట్లు చూపించాను. పడేస్తానంటే, మీరు కళ్ళారా చూడాలి, ఉంచమంది."

అంతలో ఆవిడ ఫోన్. మామగారు స్పీకర్ నొక్కి, "చూశారమ్మా," అన్నారు.

"చూశారా? సరే, ఒక్కటి చెప్పండి. మెషీను కూరని రోజూ ఇంత పొగిడారే, పదకొండేళ్ళలో నా వంట బాగుందని ఒక్కసారైనా అన్నారా?"

మంగలి నన్ను చూశాడు. నేను సీలింగు చూశాను. మామగారు చాకూ, ఉల్లిపాయలూ నా ముందుకి జరిపారు.

ఆవిడ వచ్చేవరకూ రెండు పూటలా నేనే వండాను. మామగారు గిన్నె ఖాళీ చేసేవారు, చెయ్యి కడుక్కునేవారు, లేచిపోయేవారు. ఒక్కపూటైనా బాగుందనలేదు.