ఐదు మిల్లీగ్రాముల మిత్రపక్షం

ఇకమీదట దేశంలో రక్తపోటు ఉండదని ఆరోగ్య మంత్రి గారు సోమవారం పొద్దున ప్రకటించారు. ఉండటానికి దానికి అనుమతి లేదన్నారు.

హాలు పెద్దది. స్టేజి మీద నీలం గుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద వెండి పళ్ళెం, పళ్ళెం మధ్యలో ఒక మాత్ర. వెనక వరసల వాళ్ళకి అది ఆనదు కాబట్టి దాని ఫోటోని ఏనుగంత చేసి గోడకి కట్టారు.

"రెండు మందులు, ఒక్క మాత్ర! ఇదే మన ఏకమాత్ర పథకం!" అన్నారు మంత్రి గారు. "ఏది వేసుకున్నామో ఏది మానేశామో గుర్తులేక నా ప్రజలు పడే బాధ నేను చూడలేకపోయాను."

ఆ బాధ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయనకీ బి.పి. ఉంది. రోజూ రెండు రకాల మాత్రలు. మొదటిది మింగి, రెండోది మింగానా లేదా అని ఆలోచించి, ఎందుకైనా మంచిదని మళ్ళీ మొదటిదే మింగే మనిషి. ఎవరైనా తలనొప్పి అంటే జేబులోంచి తన మాత్ర తీసి, "వేసుకో, నాకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని ఇచ్చేసే దాత కూడా.

అక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా లేదు. కానీ మైకు చేతికొచ్చాక ఆగిన మంత్రిని చరిత్ర ఎరగదు.

"ఈ మాత్ర సాక్షాత్తూ మన సంకీర్ణ ప్రభుత్వం!" అన్నారు. "ఇందులో ఒక మందు మా పార్టీ, రెండో మందు మా మిత్రపక్షం!"

హాలు దద్దరిల్లింది. మిత్రపక్షం తరఫున పక్క కుర్చీలో ఉన్న సహాయ మంత్రి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ముందు వరసలో ఒక విలేకరి లేచాడు. "ఏ మందు ఎంతెంత ఉందండీ?"

ఇలాంటి చిన్న విషయాలు చెప్పడానికే మంత్రి గారు ఒక సలహాదారుని పెట్టుకున్నారు. ఆవిడ పెద్ద డాక్టరు. మంత్రి గారికి స్వయానా మరదలు, భార్యకి చెల్లెలు. డాక్టరమ్మకి వైద్యం తప్ప ఏమీ తెలియదు. మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఒకటి నలభై మిల్లీగ్రాములు. రెండోది ఐదు."

సహాయ మంత్రి రెండు చేతులూ చప్పట్ల మధ్యలో, గాల్లో, అలాగే నిలిచిపోయాయి.

సాయంత్రం ఆయన మంత్రి గారి గదికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నిలబడే మాట్లాడతానండి అన్నగారూ. ఐదు మిల్లీగ్రాముల వాడికి కుర్చీ ఎందుకు?"

"అది కాదు తమ్ముడూ..."

"మా కార్యకర్తలు ఫోన్ చేసి ఏడుస్తున్నారండి. మీ బలం నలభై, మా బలం ఐదు అని ఊరూరా ఏనుగంత ఫోటోలు పెట్టించారు. ఎన్నికలప్పుడు మా కాళ్ళు పట్టుకున్నది ఐదు మిల్లీగ్రాముల కోసమేనా?"

"మందు అన్నాక అలాగే ఉంటుందయ్యా."

"మారుతుందండి. మీరు సంతకం పెడితే మారుతుంది. నలభై, నలభై. లేదంటే శుక్రవారం మద్దతు ఉపసంహరణ."

ఆయన అటు వెళ్ళాడో లేదో ఫోన్ మోగింది. ప్రభుత్వాధినేత. పార్టీలో అందరూ పెద్దాయన అంటారు.

"ఏమయ్యా, ముప్ఫై ఐదు మిల్లీగ్రాముల కోసం నా ప్రభుత్వం పడగొడతావా?"

"పెద్దాయనా, అది డాక్టర్లు పెట్టిన కొలతండీ..."

"డాక్టర్లు ఓట్లేస్తారా? ఇచ్చెయ్. నీ జేబులోంచి పోయేదేముంది? ప్రభుత్వం పడితే మటుకు ముందు పోయేది నీ కుర్చీయే."

మంత్రి గారు ఇచ్చేశారు. నలభై–నలభై ఫైలు ఆ రాత్రే తయారైంది. సంతకం ఒక్కటే బాకీ.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ అక్కగారింటికొచ్చి బావగారికి బి.పి. చూసింది.

"నూట డెబ్భై."

"ఇప్పుడే మెట్లెక్కొచ్చానమ్మా, అందుకని."

"లిఫ్ట్ ఉందిగా బావగారూ."

"లిఫ్ట్ అయినా వచ్చింది పైకేగా!"

ఆ మాట అంటూ ఆయన విసురుకుంటున్నది విసనకర్ర కాదు, ఫైలు. డాక్టరమ్మ చటుక్కున లాక్కుని చదివింది.

"నలభై–నలభై? ఇదేంటిది?"

"సమన్యాయం."

"మీ న్యాయం మండా! ఆ రెండో మందు ఎంత ముదిరిన బి.పి.కైనా రోజుకి పది దాటించం. నలభై ఇస్తే బి.పి. పాతాళానికి పోతుంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతాడు. మళ్ళీ లేస్తే వాడి అదృష్టం."

"ప్రజలు ఆ మాత్రం త్యాగం..."

"ప్రజల సంగతి తర్వాత. ప్రారంభోత్సవంలో టీవీల ముందు మొదటి మాత్ర మింగేది ఎవరు?"

మంత్రి గారు తాగబోతున్న కాఫీ కప్పు కింద పెట్టేశారు. విజ్ఞానశాస్త్రం మీద ఆయనకి అభిమానం పుట్టుకొచ్చింది ఆ క్షణంలోనే.

"ఐదు అంటే చిన్నచూపు కాదు బావగారూ. ఏ మందు కొలత దానిది. ఐదుతోనే అది చెయ్యాల్సిన పనంతా చేస్తుంది. కూరలో కూరగాయలూ ఉప్పూ చెరిసగం వేస్తామా?"

"వేసినా తినేస్తాడు మీ బావ," అంది వంటింట్లోంచి భార్య. "ఉప్పు దగ్గర ఆయన ఎవరి మాటా వినడు."

సంతకం పెడితే ప్రాణం పోతుంది. పెట్టకపోతే కుర్చీ పోతుంది. ఏది ముందో తేల్చుకోలేక మంత్రి గారు ఆ రోజు రెండు మాత్రలూ రెండేసి మింగబోయారు. భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

బుధవారం చర్చలు. ఒక వైపు మంత్రి గారు, డాక్టరమ్మ, పి.ఎ. ఇంకో వైపు సహాయ మంత్రి, ఆయన తెచ్చుకున్న కోపం.

మంత్రి గారు కూర ఉదాహరణ చెప్పారు. చాలా బాగా చెప్పారు.

"అంటే మేం ఉప్పా?" అన్నాడు సహాయ మంత్రి.

"ఉప్పు లేకపోతే రుచెక్కడిది తమ్ముడూ?"

"అంత గొప్పదైతే ఉప్పు మీరు తీసుకోండి, కూరగాయలు మాకివ్వండి."

పి.ఎ. క్యాలిక్యులేటర్ తీసి, ఉన్న నలభై ఐదునీ సమానంగా పంచితే తలా ఇరవై రెండున్నర వస్తుందన్నాడు. ఇరవై రెండున్నరకి కూడా మనిషి కూలిపోతాడని, కాకపోతే కాస్త మెల్లగా కూలతాడని డాక్టరమ్మ చెప్పింది. పోనీ మేమే ఐదుకి దిగుతాం అన్నారు మంత్రి గారు. అప్పుడు ఆ మందు ఉన్నా లేనట్టేనంది డాక్టరమ్మ. కాఫీలు మూడుసార్లు వచ్చాయి. ఆఖరికి ఆవిడకి ఓపిక నశించింది.

"ఆ మాత్ర మొత్తం తూకం మూడొందల మిల్లీగ్రాములు. అందులో మందు నలభై ఐదే. మిగతాదంతా చేతికి ఆనడానికి కలిపే పిండి. కొట్టుకునేదేదో ఆ పిండి కోసం కొట్టుకోండి!"

"మిగతాది అంటే... రెండొందల యాభై ఐదా?" అన్నాడు సహాయ మంత్రి. మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

మంత్రి గారు రాజకీయాల్లో ఊరికే పైకి రాలేదు. వెంటనే మొహం వేలాడేశారు.

"అది మాత్రం అడక్కు తమ్ముడూ. మాత్రకి ఆకారం ఇచ్చేది అదే, ఆధారం అదే. మా వాళ్ళు ఒప్పుకోరు."

"ఒప్పించండి అన్నగారూ! మందులు రెండూ మీరే ఉంచుకోండి. పిండి మాకు రాసివ్వండి."

మంత్రి గారు చాలాసేపు బాధపడి, కళ్ళు తుడుచుకుని, రాసిచ్చారు. నలభై–నలభై ఫైలు చెత్తబుట్టలో పడింది. మాత్ర మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది. తన ప్రాణం, తన కుర్చీ, ప్రజల ఆరోగ్యం, అదే వరసలో, మూడూ దక్కాయని ఆయన సంతోషించారు. డాక్టరమ్మ కూడా బావగారిని మొదటిసారి మెచ్చుకుంది.

సంతోషం గురువారం పొద్దున పేపరు వచ్చేదాకా నిలిచింది. "రెండొందల యాభై ఐదు సాధించిన మిత్రపక్షం" అని మొదటి పేజీలో పడింది. సహాయ మంత్రి ఇంటి ముందు టపాసులు. మంత్రి గారి ఇంటి ముందు సొంత పార్టీ వాళ్ళు.

"రాత్రింబవళ్ళు తిరిగి గెలిపించింది మేము, పిండి వాళ్ళకా?" అని అరిచాడు ఒకడు.

"మందు మనదేనయ్యా!" అన్నారు మంత్రి గారు బాల్కనీలోంచి.

"మందు ఎవడిక్కావాలి? పిండి మా హక్కు!"

పెద్దాయన ఫోన్. "రెండొందల యాభై ఐదు వాళ్ళకి ధారపోసి నలభై ఐదు పట్టుకొచ్చావా? నీకు లెక్కలు చెప్పినవాడెవడయ్యా?"

"పెద్దాయనా, పనిచేసేది ఆ నలభై ఐదేనండీ."

"పనిచేసేది ఎవరికి కనపడుతుంది? కనపడేది పిండేగా!"

ఎన్నేళ్ళుగానో మంత్రి గారు నమ్ముకున్న సిద్ధాంతం కూడా అదే.

ఆ మధ్యాహ్నం చర్చలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పిండి కోసం పోటీ, మందు దగ్గర మర్యాదలు.

"ఆ నలభై మీరు తీసుకోండి తమ్ముడూ."

"అబ్బే, మాకెందుకండీ? మా ఐదు కూడా మీరే ఉంచుకోండి."

"పెద్దమనసు చేసుకోవాలి నువ్వు."

"మీ ముందు మేమెంతండీ!"

చివరికి పిండిని చెరిసగం చేసుకున్నారు. మందులు రెండిటికీ ఏ పక్షమూ బాధ్యత తీసుకోనందువల్ల వాటిని తొలగించారు. ఇద్దరు నాయకులూ కౌగిలించుకున్నారు. కెమెరామన్ కోసం ఇంకోసారి కౌగిలించుకున్నారు.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "మరి మందు?"

"ఏకాభిప్రాయం రాలేదమ్మా."

"మందు లేకపోతే అది మాత్ర ఎలా అవుతుంది? సుద్దముక్క అది!"

"దానివల్ల కళ్ళు తిరుగుతాయా?"

"తిరగవు."

"మనిషి కూలిపోతాడా?"

"దానివల్ల కూలడు. కానీ మందు లేక..."

"నలభై–నలభై కన్నా ఇది సేఫేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఆవిడ కాగితం అడిగింది. రాసింది. అది రాజీనామా. మంత్రి గారు చదవకుండానే "నిపుణుల అభిప్రాయం" అని ఫైల్లో పెట్టించారు.

గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది. "మీరు మటుకు మీ పాత మాత్రలు ఒక్క పూట కూడా మానకండి బావగారూ. బి.పి. మందు ఉన్నట్టుండి ఆపితే తలకెక్కుతుంది, మాట పడిపోతుంది, కాలూ చెయ్యీ పోతాయి. మాట పోతే మీకు మిగిలేదేముంది?"

మాట గురించి అనేసరికి మంత్రి గారికి గట్టిగా తగిలింది. ఆ సాయంత్రమే మాత్రలు తెమ్మని మనిషిని మందుల షాపుకి పంపించారు. వాడు ఉత్త చేతులతో వచ్చాడు.

"లేవంటండి. ఏకమాత్ర వస్తోంది కదా, పాతవి అమ్మడం కొనడం బంద్ అని ఆర్డరు ఇచ్చారంట."

"ఎవడిచ్చాడు ఆ ఆర్డరు?"

"మీరేనండి."

ఇంట్లో సొరుగులన్నీ వెతికించారు. దొరికినవి శుక్రవారం పొద్దుటికి సరిపోయాయి. అవే మాత్రలు వాడే పొరుగింటి రిటైర్డ్ ఇంజనీరుని అడిగారు. రోజూ వాకింగులో "మీ దయ" అని చేతులు కట్టుకునే మనిషి, నా దగ్గరా లేవని తలుపు సందులోంచి చెప్పాడు.

శనివారం ప్రారంభోత్సవం. అదే హాలు, అదే వెండి పళ్ళెం. మంత్రి గారికి పొద్దున్నుంచీ తల దిమ్ముగా, మెడ వెనక బరువుగా ఉంది. అయినా నవ్వుతూ స్టేజి ఎక్కారు. కెమెరాలన్నీ తన మీదికి తిరిగాక ఏకమాత్ర నోట్లో వేసుకుని, ఏ భయమూ లేకుండా, నీళ్ళు కూడా తాగకుండా మింగేశారు. ఇంత ధైర్యంగా మందు మింగిన నాయకుణ్ణి ఎక్కడా చూడలేదని టీవీ వ్యాఖ్యాత అంది.

స్టేజి కింద పూలు చుట్టిన పెద్ద బుట్ట పెట్టారు. పాత మాత్రలు అందులో పడేసిన వాళ్ళకి ఏకమాత్ర ఉచితం. అది మంత్రి గారి సొంత ఆలోచన, ముందు రోజు రాత్రి కలిగింది. జనం బారులు తీరారు. బుట్ట నిండుతోంది.

వరసలో బట్టలు కుట్టుకునే ఒక ముసలావిడ వంతు వచ్చింది. మాత్రల పొట్లం చెంగులో మూటకట్టుకుని ఉంది. ముడి విప్పింది గానీ వదలలేదు.

"నాయనా, ఇవి వాడినప్పటి నుంచీ సూదిలో దారం ఎక్కించగలుగుతున్నా. అంతకుముందు కళ్ళు తిరిగేవి. పారెయ్యమంటావా?"

"పారెయ్యమ్మా."

"ఆ ఒక్కటీ సరిపోద్దా?"

"నీ కళ్ళ ముందేగా నేను మింగాను!"

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. నమ్మింది. పొట్లం బుట్టలో వేసి, ఏకమాత్ర కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

మంత్రి గారు నవ్వు చెదరకుండా పి.ఎ. వైపు వంగారు.

"బుట్ట నా కారెక్కించు. డాక్టరమ్మని బతిమాలి పిలిపించు. నావి ఏరి పెట్టాలి."

పక్క కుర్చీలోంచి సహాయ మంత్రి, జనానికి చెయ్యి ఊపుతూనే, ఇటు జరిగాడు.

"నాకూ బి.పి.యే అన్నగారూ," అన్నాడు. "చెరిసగం."