విదేశాంగ విధానమూ, ఇడ్లీ పిండీ

శనివారం పొద్దున్న డాక్టర్ కృష్ణమూర్తి అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లెవేస్తున్నాడు. బర్మింగ్‌హామ్‌లో వాళ్ళ పేట హాలు సంఘం ఆ సాయంత్రం ఆయన్ని మాట్లాడమంది. ఉగ్రవాదాన్ని అరికట్టడంలో దేశ విదేశాంగ విధానం పాత్ర అన్నది విషయం. ఎముకలు అతికించే డాక్టరుకు ఈ విషయం ఎందుకిచ్చారంటే, ఆ వీధిలో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది ఆయనొక్కడే. పైగా ఆయనకు అవసరమూ ఉంది. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలుసుకోవడానికి ఆ హాలు కావాలి. ఇవ్వడమా మానడమా అన్నది సంఘం అధ్యక్షురాలు మిసెస్ హార్‌గ్రీవ్స్ చేతిలో ఉంది. "ముందు మీరెలాంటివాళ్ళో చూద్దాం" అందావిడ.

ఆ భారంలో సగం ఆయన భార్య పద్మిని నెత్తినేసుకుంది. ప్రసంగం అయ్యాక అందరికీ వేడివేడి ఇడ్లీలు పెట్టాలని ఆవిడ పథకం. తీరా తెల్లారి చూస్తే పిండి రుబ్బినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఫిబ్రవరి చలికి మనుషులే కొయ్యబారిపోతుంటే పిండిని అని ఏం లాభం?

"ఏమండీ, పిండి పొంగలేదు. హాల్లో బాయిలర్ గది వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ..."

"ఉండవే! పొరుగు దేశాలు ఒకదానికొకటి సమాచారం చెప్పుకోవాలన్న చోట ఉన్నాను. మధ్యలో మాట్లాడకు."

పద్మిని వంటింట్లోకి నడిచింది. పిండిని పెద్ద బిస్కెట్ల డబ్బాలో పోసి, మూత బిగించి, చేతికందిన కోటు చుట్టి, తాడుతో కట్టింది. కుర్చీలు సర్దే నెపంతో స్నేహితురాలు విమలను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ మూటను బాయిలర్ పక్కన పెట్టింది. అలాగే అక్కడి వంటగదిలో చట్నీ పనిలో పడింది. సాయంత్రం కృష్ణమూర్తి ఓవర్‌కోటు కోసం ఇల్లంతా గాలించి, దొరక్క, పల్చటి రెయిన్‌కోటులో వణుకుతూ హాలుకు చేరాడు.

ప్రసంగం బాగానే సాగింది. "ఏ దేశమూ ఒంటరిగా దీన్ని అరికట్టలేదు. తలుపులు మూసుకుంటే భయం లోపలే ఉండిపోతుంది. పక్క దేశంతో మాట కలపాలి. తెలిసింది చెప్పాలి, చెప్పింది వినాలి..."

అప్పుడే హాలు కాపలాదారు పాటర్ పాలిపోయిన మొహంతో వచ్చాడు. "బాయిలర్ పక్కన ఏదో మూట ఉంది. లోపల బుసబుసమంటోంది."

ఆ మాట పూర్తయ్యేలోగా అటునుంచి 'టప్'మని వినబడింది.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరిదో తెలియని సంచి కనబడితే బస్సు బస్సంతా దిగిపోయేది. అలా భయపడటానికి తగిన కారణమూ ఉంది, అంతకుముందే ఆ ఊళ్ళో బాంబులు పేలి మనుషులు పోయారు. క్షణంలో జనమంతా రోడ్డు మీదున్నారు. తను మాట్లాడుతున్న విషయం తనను వెతుక్కుంటూ వచ్చిందని కృష్ణమూర్తికి ఎక్కడలేని ఊపు వచ్చింది.

"ఎవరూ దగ్గరికి పోవద్దు! పోలీసుల్ని పిలవండి!"

పద్మిని చెయ్యి పట్టుకు లాగింది. "ఏమండీ, అదీ..."

"పద్మినీ, ఇది వంటింటి వ్యవహారం కాదు!"

పోలీసు సార్జెంటు రాగానే విమల మంచి మనసుతో ఎదురెళ్ళింది. "అది మాదేనండీ, కంగారుపడకండి. ఇంకాసేపు కదపకుండా ఉంచితే ఇంకా పొంగుతుంది. అప్పుడు అందరికీ సరిపోతుంది."

సార్జెంటు జనాన్ని వీధి చివరికి తోలేశాడు.

"దానికి చుట్టిన కోటు నేనెరుగుదును. డాక్టరు గారిదే!" అన్నాడు పాటర్.

అందరూ కృష్ణమూర్తి వైపు తిరిగారు. "మీ కోటు ఎక్కడుంది సార్?" అని సార్జెంటు మర్యాదగానే అడిగాడు.

"అది... ఇంట్లో కనబడలేదండీ."

నిజం అంత అచ్చం అబద్ధంలా ఎన్నడూ వినబడి ఉండదు.

ఉగాది, హాలు, మొగుడు మూడూ చేజారేలా ఉన్నాయని పద్మినికి అర్థమైంది. తిన్నగా మిసెస్ హార్‌గ్రీవ్స్ దగ్గరికి నడిచింది.

"అది పిండి మేడమ్. చలికి పొంగకపోతే వెచ్చదనానికి అక్కడ పెట్టాను. అడక్కుండా పెట్టడం తప్పే."

ఆవిడ రెప్పవేయకుండా చూసింది. "రొట్టె పిండి లాంటిదా?"

"దానికి అక్క వరస."

"యుద్ధం రోజుల్లో బొగ్గు దొరక్క మా అమ్మ కూడా రొట్టె పిండి ఆ గదిలోనే పెట్టేది. మా నాన్న కోటు చుట్టి" అంటూ మిసెస్ హార్‌గ్రీవ్స్ సార్జెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన నమ్మాడు గాని, తన పద్ధతి తప్పలేదు. బాంబుల నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"పొంగిందా?" అంది పద్మిని ఆత్రంగా.

"కోటు జేబుల్లోకి కూడా."

డబ్బాలో మిగిలిన పిండి ఇడ్లీలకు సరిపోయింది. సార్జెంటు నిలబడే తిన్నాడు, నిపుణుడు కూర్చుని తిన్నాడు. కృష్ణమూర్తి గొంతు సవరించుకుని ప్రసంగం అందుకున్నాడు. "నేను చెప్పేదేమిటంటే, తెలిసింది చెప్పాలి, చెప్పింది..."

"వినాలి" అంది పద్మిని చట్నీ వడ్డిస్తూ.

హాలంతా గొల్లుమంది. మిసెస్ హార్‌గ్రీవ్స్ కళ్ళు తుడుచుకుని, ఉగాదికి హాలు ఇస్తున్నామంది. బాయిలర్ గది కూడా వాడుకోవచ్చట, కాకపోతే చెప్పి.

వచ్చే నెల సభకు కూడా వక్త ఆ ఇంటి నుంచే కావాలని సంఘం పట్టుబట్టింది. పద్మిని ప్రసంగించిన ఆ సాయంత్రం కృష్ణమూర్తి కుర్చీలు చాలా చక్కగా సర్దాడు.