మల్లెపాదు మీద అంతర్జాతీయ పత్రం

మునిగిన ఊరినైనా పైకి తేవచ్చుగానీ అచ్చయిన పరిశోధన పత్రాన్ని వెనక్కి తేవడం మానవమాత్రులకు సాధ్యం కాదని పెద్దలు ఏనాడో తీర్మానించారు. (ఆ పెద్దలెవరన్నది పరిశీలనలో ఉంది.)

ప్రొద్దుటూరులో ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కోదండపాణికి ఈ తీర్మానం సంగతి తెలియదు. కొండాపురం పక్క, జలాశయంలో ఊరు మునిగినవాళ్ల పునరావాస కాలనీ భూమి మొదటి రకం నల్లరేగడి అని ఆయన రాసిన పత్రం 'సర్వ భూమండల మృత్తికా పత్రిక'లో అచ్చయింది. అది చదివి మట్టి మంజూరు విభాగం వారు, కాలనీ చేలకు తోలాల్సిన నాలుగు వందల ట్రాక్టర్ల చెరువు మట్టిని రద్దు చేశారు. నల్లరేగడి వాళ్లకు మళ్లీ మట్టి దేనికని వారి న్యాయమైన సందేహం.

నెల తిరక్కుండా, ఆయనకు శాంపిలు మట్టి తవ్వుకునే చోటు చూపించిన కాలనీ ఓబులమ్మ కాలేజీకి వచ్చింది.

"సారూ, నువ్వు తవ్వుకపోయింది నా మల్లెపాదు గదా. అది ఈడి మన్ను కాదు. ఊరు మునిగేటప్పుడు మా చేలోది రెండు గోతాలు కట్టుకొచ్చి ఆడ పోసుకుంటి. తక్కినదంతా గరుసు. గడ్డపార గూడా దిగదు."

"ఆ పొద్దే చెప్పకూడదామ్మా?"

"రాళ్లు లేని చోటు చూపియ్యమంటివి. రాళ్లు లేంది అదొకటే. చూపిస్తి."

కోదండపాణికి సిగ్గేసింది. ఆ పూట అన్నం సయించలేదు. తెల్లారి జమ్మలమడుగు బస్సెక్కారు. (సర్వ భూమండలానికీ కేంద్రం అక్కడే, జిరాక్సు షాపు మీది మిద్దెలో ఉంది.)

"నా పత్రం తప్పు. తీసేయండప్పా" అన్నారు సంపాదకుడు గోపీకృష్ణతో.

"తప్పని ఎవురు చెప్పినారు సార్?"

"నేనే చెప్తాండా."

"మీరు చెప్తే చెల్లదు. రాసింది మీరే గదా, పక్షపాతం ఉంటాది."

పత్రిక తొమ్మిదో నిబంధన ప్రకారం, తప్పని ఇంకో పత్రం నిరూపించాలి. కోదండపాణి కాలనీలో ముప్పై చోట్ల తవ్వించి, ఆ ఇంకో పత్రమూ తానే రాశారు. రచయిత పేరు కప్పి పంపితే ఇద్దరు నిపుణులు దాన్ని తిరస్కరించారు. ఈ విషయంపై కోదండపాణి గారి ప్రామాణిక రచనను రచయిత చదివినట్టు లేదని వారి అభిప్రాయం.

పత్రం తీయించడానికి ఇక మిగిలిన దారి సహరచయిత అంగీకారం. సహరచయిత అంటే, పత్రంలో తన పేరూ వేయించుకున్న కాలేజీ ప్రిన్సిపాల్ బాలసుబ్రహ్మణ్యం. (ఆయన పత్రాన్ని చదవలేదు కాబట్టి అందులో ఆయనకు ఏ తప్పూ కనిపించలేదు.) కోదండపాణి పులివెందులలో ఆయన ఇంటికి వెళ్లి అడిగారు.

"పత్రం పోతే నా ప్రమోషన్ పోతాది పాణీ. నీకంత బాధగా ఉంటే నువ్వే తప్పుకో" అన్నారు ప్రిన్సిపాల్, కాఫీ ఇస్తూ.

పత్రికకు ఈ మార్గం శానా నచ్చింది. పక్షం రోజుల్లో ఉపసంహరణ పూర్తయింది. పత్రం అలాగే ఉంది, కోదండపాణిని ఉపసంహరించారు.

ఆయన ముప్పై గుంతల లెక్కలు పట్టుకుని మట్టి మంజూరు విభాగానికి వెళ్లారు. అధికారిణి శ్రీలేఖ పత్రం తెరిచి, రచయిత పేరు చూసి, మర్యాదగానే అడిగింది.

"దీంతో మీకేం సంబంధం సార్?"

అయినా ఫిర్యాదు ఫిర్యాదే కాబట్టి విభాగం వారు మరుసటి వారమే కాలనీకి వచ్చి తనిఖీ చేశారు. పత్రంలో చెప్పిన నల్లరేగడి ఓబులమ్మ మల్లెపాదులో దొరికింది. పత్రం నిజమేనని రాసుకుని, సాక్ష్యం కింద ఆ రెండు గోతాల మట్టీ ఎత్తుకుని, ముట్టినట్టు ఆమెకు రసీదు ఇచ్చి వెళ్లారు.