ఒక్క మీటతో మూడువందల మొక్కలు

చుట్టాలంతా నన్ను ‘రేపుచూద్దాం’ అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మా ఆవిడే. ఆమె మేడమీద కుండీల్లో మొక్కలు పెంచి అమ్ముతుంది. వాటి ఫోటోలు కంప్యూటర్లో దిద్దే ఉద్యోగం నాది. జీతం లేదు, సెలవు అంతకన్నా లేదు.

ఆ ఆదివారం మూడువందల ఫోటోలు నా నెత్తిన పడ్డాయి. ప్రతిదాంట్లోనూ ఎడమవైపు నీళ్ళ బకెట్టు. దాన్ని కత్తిరించాలి, వెలుగు పెంచాలి, అడుగున ‘రోజూ కాసిని నీళ్ళు చాలు, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు’ అని రాయాలి. నాలుగో మొక్కకే నా కళ్ళు మూతలు పడ్డాయి. కిటికీలోంచి ఎండ మెత్తగా వచ్చి కీబోర్డు మీద పడుకుంది. నాకూ పడుకోవాలనిపించింది.

“ఇదిగో, ఒక ఫోటోకి చేసింది కంప్యూటరు గుర్తుపెట్టుకుని మిగతావాటికీ చేసేస్తుంది. ఒక్క మీట నొక్కితే చాలు” అన్నాను మా ఆవిడతో.

“మీరు ఒక్క మీట నొక్కితే నాకు రెండ్రోజుల చాకిరీ.”

“ఈసారి చూడు!”

“పదిహేనేళ్ళుగా చూస్తూనే ఉన్నానండీ.”

నేను వెళ్ళి దిండు తెచ్చుకుని, మీట నొక్కి, కుర్చీలోనే వాలిపోయాను. కలలో మబ్బుమీద పడుకున్నాను. కుండీలు వరసగా వచ్చి, వాటి అంచులు అవే కత్తిరించుకుని, నాకు దండం పెట్టి వెళ్ళిపోతున్నాయి.

కళ్ళు తెరిచేసరికి తెరమీద మా అత్తగారు. పున్నమి చంద్రుడిలా వెలిగిపోతున్నారు. అడుగున ‘రోజూ కాసిని నీళ్ళు చాలు, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు’.

గబుక్కున లేచి చూసుకున్నాను. మొక్కల ఫోల్డరు బదులు, ఇంట్లో ఫోటోలన్నీ ఉన్న ఫోల్డరు చూపించాను. పైగా, పాతవి తీసేసి కొత్తవి పెట్టమన్నాను.

పెళ్ళి ఫోటోలో మా ఆవిడ ఒక్కతే. సముద్రం ఒడ్డున ఒక్కతే, ఎవరూ లేని ఆకాశం వైపు చూసి నవ్వుతోంది. ఫోటో అంటే చాలు, ఎడమవైపు చేరడం నాకు అలవాటు. బకెట్టుతో పాటు నేనూ పోయాను. నేను లేని ఆ పదిహేనేళ్ళూ పాలవెలుగులో ఎంతో అందంగా ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే దిగులు ముంచుకొచ్చింది.

మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసింది. “ఇల్లు ప్రశాంతంగా ఉందే!”

“అన్నీ పోయాయే!” అని కళ్ళు తుడుచుకున్నాను.

“ఏడవకండి. మీరు దిండుకోసం వెళ్ళినప్పుడే అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి దాచాను.”

“మరి ఇవ్వు!”

“మూడువందల మొక్కలూ చేత్తో దిద్దాక.”

మూడు వారాలు దిద్దాను. మాట ప్రకారం అన్నీ తిరిగి ఇచ్చింది. పాడైనవాటిలో ఒక్కటి మాత్రం పటం కట్టించి ముందుగదిలో పెట్టింది. అందులో నేను మొత్తం తెగిపోయాను, ఆమె భుజమ్మీద నా చెయ్యి మాత్రం మిగిలింది.

వచ్చినవాళ్ళు ఆ చెయ్యి ఎవరిదని అడుగుతారు.

“మావారిదే. ఆయనలో నేను ఉంచుకున్నది అంతే” అంటుంది.