వాసన చాలు, యూజు ఎందుకు?

పండు కన్నా పండు వాసనే గొప్పది. ఈ మాటన్నందుకు జపాన్‌లోని మా కోచి కొండల్లో జనం నన్ను ఊళ్లోంచి తరిమేసినా సరే, వెనక్కి తీసుకోను.

మా నిమ్మజాతి పండు యూజు సంగతే చూడండి. చెట్టు నిండా వేలెడేసి ముళ్లు. గింజ నాటితే కాపుకు పద్దెనిమిదేళ్లు ఆగాలి. తీరా కాయ కోసి పిండితే గింజలు గుప్పెడు, రసం చెంచాడు. ఇంత పొగరున్న పండును మన పెద్దలు ఇన్నాళ్లూ ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో! మరి యూజు వాసనో? దానికి ముల్లు లేదు, గింజ లేదు, ఎవరి ఓపికతోనూ పని లేదు. సీసా మూత తిప్పగానే వచ్చి నిలబడుతుంది.

అందుకే ఇవాళ అది లేని చోటు లేదు. నేను పొద్దున్నే యూజు పేస్టుతో పళ్లు తోముకుంటాను. యూజు షాంపూతో తల రుద్దుకుంటాను. యూజు చిప్స్ నములుతూ యూజు సోడా తాగుతాను. మా కుక్కకు కూడా యూజు సబ్బే. మొన్న రైల్వే స్టేషన్ మరుగుదొడ్డిలోకి అడుగు పెడితే, నవంబరు కోతలప్పటి మా పెరటి వాసన గుప్పుమని కొట్టింది. ఒక్కసారిగా మా అమ్మ గుర్తొచ్చింది. మరుగుదొడ్డిలో అమ్మను గుర్తుచేసిన ఘనత ఇంకే పండుకైనా దక్కిందా?

సోడా సీసా వెనక చిన్న అక్షరాలు కూడా చదివాను. అందులో యూజు రసం వెయ్యో వంతట. పండును ఇంత పొదుపుగా వాడటం మన పూర్వీకులకు చేతనైందా చెప్పండి!

ఈ ప్రగతికి అడ్డుపడిన మనిషి మా లోయలో ఒక్కతే ఉంది. పేరు కుసునోసె తొమోయె, వయసు అరవై తొమ్మిది. మా ఇంటి పక్క కొండవాలు మీద ఆమెకు నలభై రెండు యూజు చెట్లుండేవి. అన్నీ ఆమె అత్తగారు గింజ నాటి పెంచినవే. ఏటా తొమోయె చేతులకు తోలు తొడుగులు వేసుకుని కాయలు కోసేది, పిండేది, రసంలో ఇంత ఉప్పు వేసి పెద్ద సాకె సారా సీసాల్లో నింపేది. మా వైపు సుషీ ముద్దల అన్నంలో అందరిలా వెనిగర్ కలపరు, ఆ రసమే కలుపుతారు. కలిపేవారు అనాలేమో. ఇప్పుడు ప్యాకెట్లలో యూజు పొడి దొరుకుతోంది కదా.

సీసాలు కొనేవాళ్లు ఏటికేడూ తగ్గారు. మోకాళ్లు మొరాయించాయి. నిరుడు నవంబరులో తొమోయె చివరి ఆశగా మా బడి వంటశాల చూసే నిషియుచి గారి దగ్గరికి వెళ్లింది. పిల్లల భోజనంలోకి తన రసం తీసుకుంటే చెట్లు ఉంచుతానని, లేదంటే కొట్టించేస్తానని చెప్పింది.

"నాదేముంది పిన్నిగారూ, తినేది పిల్లలు" అంది నిషియుచి. "ఒక కంపెనీ వాళ్లు యూజు పొడి పంపారు. అదీ మీదీ పక్కపక్కన పెడదాం. వాళ్లకేది నచ్చితే అదే."

ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుంది? పత్రికవాణ్ణి కాబట్టి నేనూ చూడ్డానికి వెళ్లాను. తొమోయె అన్నంలో రసం కలిపి, పైన వెదురు మొలకలు, పుట్టగొడుగులు అద్ది, చిన్న చిన్న ముద్దలు చేసి తెచ్చింది. పక్క పళ్లెంలో పొడి కలిపిన అన్నం ఉంది. పందొమ్మిది మంది పిల్లలు వరసగా కూర్చున్నారు. తొమోయె డబ్బా మూత తీసింది. గదంతా ఘుమఘుమలాడింది.

ముందు వరసలో చిన్నపిల్ల ముక్కు మూసుకుంది.

"ఏమైందమ్మా?" అంది తొమోయె.

"బామ్మా, ఇది మా బాత్రూమ్ వాసన."

"బాత్రూమేంటి తల్లీ?"

"అమ్మ కొడుతుందిగా, స్ప్రే. అదే ఇది. నేను తినను."

పక్కనున్న పిల్లాడు వంగి వాసన చూసి, "మా ఇంట్లోదీ ఇదే" అని తేల్చేశాడు. ఇక ఆ ముద్దలను ఎవరూ ముట్టుకోలేదు. పొడి కలిపిన అన్నంలో వాసన అంతంతమాత్రం, పంచదార దండిగా ఉంది. ఆ పళ్లెం క్షణంలో ఖాళీ అయింది.

"పిల్లలు కదా పిన్నిగారూ, మనసులో పెట్టుకోకండి" అంది నిషియుచి.

"ఎందుకు పెట్టుకుంటానమ్మా, పిల్ల అబద్ధం చెప్పలేదుగా" అంటూ తొమోయె డబ్బా నా వైపు జరిపింది. "నువ్వు తింటావా నాయనా? నీక్కూడా బాత్రూమేనా?"

ఐదు ముద్దలు తిన్నాను. ఏడుపొచ్చింది. ప్రగతిని చూసిన ఆనందంతో అనుకోండి.

ఆ వారమే రంపం వచ్చింది. నలభై ఒక్క చెట్లు పడ్డాయి. నలభై రెండోదాని మొదట్లో రంపం పెట్టబోతుండగా, ఆ పొడి కంపెనీ పెద్దమనిషి ఒకాయన కారు దిగి పరుగున వచ్చాడు.

"ఆపండమ్మా, ఆపండి. ఈ ఒక్క చెట్టూ ఉంచండి."

"రసం కొంటారా బాబూ?"

"రసం మాకెందుకండీ? మా ప్యాకెట్ల మీదికి ఏటా ఒక ఫోటో కావాలి. పక్కన మీరు నిలబడితే ఇంకా బాగుంటుంది. కాయలు మాత్రం కోయకూడదు. జనవరిలో మంచు పడ్డాక తీస్తాం, పసుపు బాగా కనబడాలి."

తొమోయె ఒప్పుకుంది. మాటిచ్చాక తప్పే మనిషి కాదు. చూశారా, యూజు వాసన వల్ల ఒక యూజు చెట్టు బతికింది! ఇంకా ఎవరికైనా అనుమానాలున్నాయా?

ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలు నాడు మా దగ్గర వేడినీళ్ల తొట్టెలో యూజు పండ్లు వేసుకుని స్నానం చేస్తాం. ఈ డిసెంబరులో ఆ సాయంత్రం కింద పట్నంలోని సూపర్‌మార్కెట్‌లో డబ్బు కట్టే వరసలో తొమోయె నా ముందు నిలబడి ఉంది. చేతిలో యూజు స్నానపు పొడి ప్యాకెట్ ఉంది. అదే కంపెనీది.

"చెట్టు నిండా కాయలున్నాయిగా, ఇదేంటి పిన్నీ?" అన్నాను.

"అవి ఫోటోవి కదా నాయనా" అంది.

డబ్బు తీసుకునే అమ్మాయి ప్యాకెట్ మీద బొమ్మను చూసింది, తలెత్తి తొమోయెను చూసింది. "ఈ బామ్మ అచ్చం మీలాగే ఉన్నారండీ" అంది.

"అవునా" అంది తొమోయె. డబ్బిచ్చి, ప్యాకెట్ సంచిలో వేసుకుని, స్నానానికి వేళవుతోందని ఇంటికి బయలుదేరింది.