పిన్నిడ ఇంకా తడిగా ఉంది

ఆ ఉదయం రచయిత పెట్టుకున్న పని ఒక్కటే, జనాన్ని భయపెట్టడం. వారపత్రికలో ఆయన దయ్యాల సీరియల్ వస్తోంది. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. ముందురోజు సంపాదకుడు ఫోన్ చేసి, "మీ దయ్యాన్ని చూసి మా ప్రూఫ్‌రీడరు ఆవలిస్తున్నాడండీ. ఈ వారమూ ఇంతే అయితే ఆ పేజీలో పదకేళి వేసుకుంటాం," అన్నాడు. అప్పటినుంచి ఆ సీరియల్‌కి భయపడుతున్నవాడు దాన్ని రాసేవాడు ఒక్కడే.

భయపెట్టే సరుకు ఆయన దగ్గర కొంచెమే ఉంది. కథలో నాయికకి ఒక అక్క. ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీ మీద అరచెయ్యి ఆనించి, వెచ్చగా ఉందో లేదో చూసి, "ఎవరు కూర్చున్నారిక్కడ?" అంటుంది. అది ఆయన ఊహించి రాసింది కాదు. ఆయన భార్యకి ఒక అక్క ఉంది.

భార్య తడిగుడ్డతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, మధ్యాహ్నం బస్సుకి అక్క వస్తోంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"అడగడానికి నాకు నోరెలా వస్తుంది? దాన్ని వారం వారం అచ్చేయిస్తున్నారాయె. చదివిందంటే నేనిక పుట్టింటి గడప తొక్కినట్టే."

"వాళ్లూళ్లో ఆ పత్రిక దొరకదన్నావుగా."

"మనింట్లో దొరుకుతుందిగా."

రచయిత కంప్యూటరు ముందుకి జరిగాడు. ఆ వారం భాగం రాయడం అయిపోయింది, అందులో అక్క అడుగడుగునా ఉంది. కూర్చుని ఏరే వ్యవధి లేదు. "అక్క" ఉన్న చోటల్లా "పిన్ని" పెట్టమని కంప్యూటరుకి చెప్పి మీట నొక్కాడు. ఒకసారి చదివి చూసుకుందామనుకునేలోపు గేటు చప్పుడైంది. ఆ ఇంటి గేటుని అలా తోసే మనిషి ఒక్కరే. ఉన్నది ఉన్నట్టు పత్రికకి పంపేశాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వేశానని ఆయనకు అప్పుడు తట్టలేదు.

వదిన చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ముందుగదిలో కుర్చీ మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరు కూర్చున్నారిక్కడ?"

"నేనే వదినగారూ," అన్నాడు రచయిత, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.

వచ్చిన మనిషి తిరిగి వెళ్లే మాటెత్తలేదు. పత్రిక వచ్చిన రోజున దాన్ని దాచేద్దామని రచయిత పెందలాడే లేచాడు. వదిన ఆయనకన్నా పెందలాడే లేచింది. కాఫీ అయ్యాక చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. రచయిత తలుపు చాటున నిలబడ్డాడు.

"'ఆమె దీపం ఎత్తింది. మెట్ల కిందికి చూసింది. పిన్నిడ చీకటిగా ఉంది.' పిన్నిడ అంటే ఏమిటే?"

"నాకేం తెలుసు? చదువు."

"'ఏ అలికిడీ లేదు. ఆమె ఇంకో మెట్టు దిగింది. పిన్నిడ ఇంకా తడిగా ఉంది.'"

ఇద్దరూ కాళ్లు కుర్చీల మీదికి లాక్కున్నారు.

తలుపు చాటున రచయిత గోడకి ఆనుకున్నాడు. "అక్కడ"లో అక్క ఉంది. అక్షరాలు దిద్దిన నాటి నుంచీ ఆ మాట రాస్తున్నాడు గానీ, లోపల మనిషి ఉన్నట్టు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు అక్కడ అన్న ప్రతిచోటా పిన్నిడ నిలబడి ఉంది.

కాసేపటికి వదిన పిలిచింది. "మరిదిగారూ, స్నానాలగదిలో నేల తడిగా ఉందేమిటి?"

"స్నానాలగది కదండీ."

"నీళ్లు పోసిందెవరని అడుగుతున్నా."

భార్య స్నానానికి వెళ్తూ ఆయన్ని తలుపు బయట నిలబెట్టింది. "దగ్గుతూ ఉండండి. దగ్గు ఆగిందంటే అరుస్తాను." ఆయన దగ్గుతూ ఉండగానే పక్కింటి పంతులమ్మ వచ్చింది. "మీ పిన్నిడకి కాళ్లుంటాయాండీ? మా పిల్లలు మెట్లు దిగనంటున్నారు." రచయిత దగ్గు మధ్యలో, "ఇంకా అనుకోలేదండీ," అన్నాడు.

అప్పుడే సంపాదకుడి ఫోన్ వచ్చింది. రచయితకి కళ్లముందు పదకేళి గళ్లు కనిపించాయి.

"ఏమిటండీ ఆ పిన్నిడ?"

"అది... కొంచెం పొరపాటు..."

"మా ప్రూఫ్‌రీడరూ అలాగే అనుకుని దిద్దబోయాడట. 'ఇంకా తడిగా ఉంది' దగ్గర చెయ్యి ఆడలేదట. అప్పట్నుంచి మా ఆఫీసులో ఒక్కడూ మెట్లు దిగడు. వచ్చే వారం ముఖచిత్రం అదే, బొమ్మ కూడా వేయించేశాం. కథ నిండా పిన్నిడ కనబడాలి. లేదంటే పదకేళి సిద్ధంగా ఉంది."

రచయిత ప్రాణం లేచొచ్చి కూర్చుంది. వాక్యానికొకసారి పిన్నిడని పెట్టి వచ్చే భాగం రాసేశాడు. పంపబోతుండగా ఆయన కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనింది.

"మరిదిగారూ, అక్క ఏమైంది?"

ఆయన భుజాలు తడుముకున్నాడు. "ఏ అక్కండీ?"

"కుర్చీ తడిమే అక్క. మొదటి భాగం నుంచీ పక్కూరెళ్లి మరీ కొనుక్కొచ్చి చదువుతున్నా. అది నేనేనని మా వీధంతా చెప్పుకున్నా. ఇప్పుడు ఎవరింట అడుగుపెట్టినా నలుగురూ లేచి నిలబడుతున్నారు. అలాంటి పరువుని తీసుకెళ్లి ఎవరో పిన్ని చేతిలో పెడతారా? నేను చూస్తుండగా ఆవిణ్ణి తీసేసి నన్ను పెట్టండి."

"అలాగే వదినగారూ. నిదానంగా ఒక్కొక్కటీ చూసుకుంటూ..."

"ఒక్క మీట నొక్కితే చాలటగా. చెల్లి చెప్పింది."

రచయిత భార్య వైపు చూశాడు. భార్య గోడ వైపు చూసింది. సంపాదకుడు ఊరికి ఆ చివర ఉన్నాడు, వదిన చెయ్యి కుర్చీ మీద ఉంది. "పిన్ని" ఉన్న చోటల్లా "అక్క" పెట్టమని చెప్పి మీట నొక్కాడు. "పిన్నిడ మెట్లెక్కి వస్తోంది" అన్న మొదటి వాక్యం ఆయన కళ్లముందే "అక్కడ మెట్లెక్కి వస్తోంది" అయిపోయింది.

"వదినగారూ, ఒక్క క్షణం..."

"పంపండి."

పంపాడు.

ఆ వారం ముఖచిత్రం మీద పిన్నిడ తడిజుట్టుతో నిలబడి ఉంది. లోపల కథలో అది ఎక్కడుందని పాఠకులు వెతికారు. ప్రతి వాక్యంలోనూ అక్కడే ఉంది.