మీటరు గదిలో చిన్నమామయ్య

ఆమెకి అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: పాపకి ఆయాసం వచ్చిన పూట ఇంటి ముందు కదిలే బండి లేకపోవడం.

దొంగలంటే భయం లేదు. బల్లులంటే లేదు. ఆఖరికి అత్తగారి ఫోనన్నా లేదు. కానీ పది నెలల పాపకి జలుబు చేస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఒకసారి అలా వచ్చినప్పుడు పిల్లని భుజాన వేసుకుని అద్దె కారు కోసం వీధి చివర నలభై నిమిషాలు నిలబడింది. పిల్లకి అదే రోజు తగ్గిపోయింది. ఆమెకి మాత్రం ఆ నలభై నిమిషాలు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే లిఫ్టులు బాగుచేసే కంపెనీవాళ్ళు భర్తకి కరెంటు కారు ఇచ్చారనగానే ఆమెకి సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం రాకపోవడానికి కారణం, ఇంటి దగ్గర ఆ కారుకి చార్జింగ్ పెట్టే వీలు లేకపోవడం. డ్యూటీ అయ్యాక అతను కంపెనీ షెడ్డులో వరసలో నిలబడి చార్జింగ్ పెట్టుకోవాలి. వరస పెద్దదైతే కారుని అక్కడే వదిలేసి బస్సులో ఇంటికి రావాలి. ఇంటికి కారు వచ్చిన రోజులకంటే కారు తాళంచెవి ఒక్కటే వచ్చిన రోజులే ఎక్కువ.

కంపెనీ కూడా ధర్మంగానే ఆలోచించింది. దరఖాస్తు పెట్టుకోండి, మీ ఇంటి గోడకి చార్జింగ్ పాయింటు మా ఖర్చుతో మేమే బిగిస్తాం అంది. నెలాఖరులోగా పని కాకపోతే మాత్రం కారు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది.

ఎంత పని ఇది? ఒక ఫారం, ఇంటి ఓనరమ్మ సంతకం, మీటరు ఫోటో ఒకటి. ఇంత చిన్న పనిని మహా నేరంగా మార్చాలంటే ఓ మేధావి కావాలి. దురదృష్టవశాత్తూ ఆ మేధావి వాళ్ళింట్లోనే ఉన్నాడు.

"రాసిపెట్టుకో అమ్మాయ్. ఈ చిక్కుముడి విప్పగల బుర్ర ఈ నగరం మొత్తానికి ఒక్కటే ఉంది. అది ప్రస్తుతం నీ సోఫాలో ఉంది," అన్నాడు చిన్నమామయ్య.

బుర్రతోపాటు మిగతా మనిషి కూడా సోఫాలోనే ఉన్నాడు. మూడు నెలలుగా.

చిన్నమామయ్య అంటే ఆమె భర్తకి బాబాయి. బస్సు డిపోలో పోయిన సామాన్ల కౌంటరులో ముప్ఫై ఏళ్ళు కూర్చుని రిటైరయ్యాడు. జనం బస్సులో గొడుగు మరిచిపోతారు, కండక్టరు తెచ్చి కౌంటరులో పడేస్తాడు, మర్నాడు మరిచిపోయినవాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. ఈ మొత్తం వ్యవహారాన్ని ఆయన 'నేను ఛేదించిన కేసులు' అంటాడు. అలా నాలుగు వందల పన్నెండు గొడుగుల కేసులు ఆయన ఖాతాలో ఉన్నాయి. టిఫిన్ డబ్బాలు విడి.

ఇంతకీ ఇప్పటి కేసేమిటంటే, దరఖాస్తు తిరిగొచ్చింది. 'మీటరు వివరాలు సరిపోలలేదు' అని ఒక్క ముక్క రాశారు. ఏ వివరం, దేనితో సరిపోలలేదో రాయలేదు. అలా రాస్తే ఆఫీసెందుకవుతుంది?

ఆ ఫారం నింపింది ఆమే. భర్తకి తీరికలేదు. ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది, ఫారమంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అందుకే కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని, మీటరు నంబరులోని పదకొండు అంకెల్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ దించింది. మెట్ల కింద మీటరు గదిలోకి వెళ్ళి తమ వాటా పెట్టె తలుపు తీసి ఫోటో కొట్టింది. మూడు వాటాలకి మూడు ఇనప పెట్టెలు, తలుపుల మీద తెల్ల పెయింటుతో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు. వాళ్ళది రెండు. ఇందులో తప్పెక్కడ జరిగిందో ఆమెకి అంతుపట్టలేదు. తప్పు తనదే అయి ఉంటుందని మాత్రం గట్టిగా నమ్మింది.

"నీ తప్పు కాదు తల్లీ, ఇది కుట్ర," అన్నాడు చిన్నమామయ్య. ఆ మాటకి ఆమెకి కాస్త ఊరట కలిగిన మాట నిజం. ఆ ఊరట అట్టే నిలవలేదు. కుట్రదారుడెవరో ఆయన అప్పటికే తేల్చేశాడు. పైవాటా దర్జీ.

దర్జీ మీద సాక్ష్యాలు బలంగా ఉన్నాయి. అతను నెమ్మదిగా మాట్లాడతాడు. చెప్పులు చప్పుడు కాకుండా మెట్లు ఎక్కుతాడు. మెడలో ఎప్పుడూ టేపు వేసుకుంటాడు. దర్జీ మెడలో టేపు కాక ఇంకేముంటుంది మామయ్యా అని ఆమె అడిగితే, చిన్నమామయ్య జాలిగా నవ్వి, అందరూ అలాగే అనుకోవాలనే వాడు వేసుకుంటున్నాడన్నాడు.

పరిశోధన మొదలైంది. నేరస్తుడి అడుగుజాడల కోసం మీటరు గది నేల మీద పాప పౌడరు డబ్బా మొత్తం చల్లాడు. కొత్త డబ్బా అది. మర్నాడు పొద్దున్నే భూతద్దం పట్టుకుని దిగి, అరగంట తర్వాత మెరిసే కళ్ళతో పైకొచ్చాడు. నేరస్తుడు ఎనిమిదో నంబరు చెప్పులు వేస్తాడట, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడట, ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగిపోయిందట.

ఆమె ఆయన కాళ్ళకేసి చూసింది. పోనీలే అనుకుని ఖాళీ పౌడరు డబ్బా చెత్తబుట్టలో వేసింది. పెద్దాయన.

భర్త మాత్రం ఊరుకోలేదు. "బాబాయ్, నువ్వు దీంట్లో వేలు పెట్టకు. ఆవిడ మళ్ళీ ఫారం నింపుతోంది, ఈసారి అయిపోతుంది," అన్నాడు. చిన్నమామయ్య బుద్ధిగా తలూపాడు. వేలు పెట్టనని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆయన పెట్టింది పెన్ను.

ఆమె రెండోసారి పదకొండు అంకెలూ దించి, కాగితాన్ని కవరులో పెట్టి, అంటించేలోపు పాప ఏడిస్తే లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి కవరు అంటించి ఉంది. మామయ్యకి ఎంత బాధ్యతో అనుకుంది. నాలుగు రోజుల తర్వాత కంపెనీ నుంచి భర్తకి ఫోనొచ్చింది. మీ దరఖాస్తు చివర 'ఇతర వివరాలు' అన్నచోట, 'ఈ భవనంలో సంఘటిత విద్యుత్ నేరం జరుగుచున్నది, నేను నిఘాలో ఉన్నాను, నా పేరు బయటపెట్టవద్దు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది, దీని భావమేమిటని అడిగారు.

భావం ఏం చెప్తాడు? మామూలుగా అయితే ఆ దరఖాస్తుని అక్కడికక్కడే కొట్టేసేవారే. నేరం అన్న మాట కాగితం మీద పడ్డాక కొట్టేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎలక్ట్రీషియన్‌ని పంపి స్వయంగా చూపిస్తాం, వివరాలు అప్పటికీ సరిపోలకపోతే దరఖాస్తు మూసేస్తాం, కారు వెంటనే అప్పజెప్పండి అన్నారు. నెలాఖరుకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

అన్నం తింటూ భర్త ఈ సంగతి చెప్పాక ఆమె కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత పాపని ఎత్తుకుని చిన్నమామయ్య కుర్చీ ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"మామయ్యా, మిమ్మల్ని ఇంతవరకు ఏదీ అడగలేదు. రేపు ఆ మనిషి వచ్చి వెళ్ళేదాకా మీరు ఈ గుమ్మం దాటకండి. నాకు కారు కావాలని కాదు. దీనికి ఊపిరాడకపోతే నేను మళ్ళీ రోడ్డు మీద నిలబడలేను."

చిన్నమామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలాగే తల్లీ, అన్నాడు. ఆ క్షణంలో ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. అబద్ధాలాడే మనిషి కాదు. కాకపోతే పొద్దున్న అయ్యేసరికి ఆయనకి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రాబోయేది అసలు ఎలక్ట్రీషియనేనని రుజువేమిటి?

పదకొండింటికి ఎలక్ట్రీషియన్ వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి, నడుముకి పనిముట్ల సంచీ, చెవిలో పెన్సిలు. ఆమె పాపని ఎత్తుకుని, బిల్లు పట్టుకుని ఆ అమ్మాయికి మీటరు గది దారి చూపించింది. లోపల చీకటి. మూల ఓనరమ్మ పాత పరుపొకటి గోడకి ఆనించి ఉంది. ఎప్పుడూ ఉండేదానికంటే ఆ పరుపు కాస్త లావుగా ఉన్నట్టు ఆమెకి అనిపించింది. పరుపు కింద ఎనిమిదో నంబరు చెప్పులు కూడా కనిపించాయి. నోరు తెరిచేలోపే ఆలస్యమైపోయింది.

ఎలక్ట్రీషియన్ రెండో నంబరు తలుపు తీసింది. మూడోది కూడా తీసి చూసింది. టార్చి వేసి ముందుకి వంగింది.

"కదిలావో నీ కథ ముగిసినట్టే. నీ ముఠా మొత్తం మా గుప్పిట్లో ఉంది," అంది పరుపు.

అని ఒక్క దూకు దూకింది. పౌడరు చల్లిన నేల ఎంత నున్నగా ఉంటుందో చల్లిన మనిషికే గుర్తులేదు. రెండు కాళ్ళూ రెండు దిక్కులకి వెళ్ళిపోయాయి. పడిపోతూ చిన్నమామయ్య కుడిచేత్తో రెండో నంబరు తలుపునీ ఎడమచేత్తో మూడో నంబరు తలుపునీ పట్టుకున్నాడు. రెండూ మడతబందుల్లోంచి ఊడి ఆయనతోపాటే కిందికి వచ్చాయి. ఆయన మీద పరుపు పడింది. తెల్లటి పౌడరు గదంతా లేచింది.

ఆమె పాప ముక్కుకి కొంగు అడ్డం పెట్టి బయటికి పరిగెత్తింది. మెట్ల మీద కూర్చుండిపోయింది. అయిపోయింది అనుకుంది. కారూ పోయింది, ఆయన నడుమూ పోయి ఉంటుంది. ఈ రెండింటిలో ముందు దేనికి ఏడవాలో తేల్చుకోలేకపోయింది.

లోపల్నుంచి ఎలక్ట్రీషియన్ గొంతు నిదానంగా వినిపించింది. "తాతగారూ, ఆ తలుపులు ఇలా ఇచ్చి మీరు లేవండి. లేవగలరా?"

లేవగలిగాడు. నడుము నిక్షేపంగా ఉంది. ఎలక్ట్రీషియన్ రెండో నంబరు తలుపుని దాని పెట్టెకి తగిలించబోయింది. సరిగ్గా కూర్చోలేదు. తట్టింది, నొక్కింది, తిప్పి చూసింది. పై మడతబందు వేలెడు కిందికి ఉంది. ఊరికే పక్క పెట్టెకి పెట్టి చూసింది. టక్కున కూర్చుంది. మూడో తలుపు తెచ్చి ఇందాకటి పెట్టెకి పెట్టింది. అదీ టక్కున కూర్చుంది.

"అక్కా, ఈమధ్య వీటికి పెయింటు వేయించారా?" అని కేకేసింది.

వేయించారు. రెండు నెలల కిందట ఓనరమ్మే వేయించింది. పెయింటరు తలుపులు ఊడదీసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ బిగించేటప్పుడు రెండూ మూడూ తారుమారు చేసి, పని చక్కగా ముగించానన్న తృప్తితో వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ రెండో తలుపు వెనకున్నది మూడో వాటా దర్జీ మీటరు. ఆమె ఫోటో తీసి పంపిందీ దాన్నే. మీటరు మీద అంకెలు చీమల్లా ఉంటాయి, అద్దం నిండా దుమ్ము. తలుపు మీద నంబరుండగా లోపలున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఎలక్ట్రీషియన్ దుమ్ము తుడిచి, టార్చి వేసి, ఈసారి అసలు మీటరు మీద అంకెలు చదివింది. ఆమె పాపని చంకనేసుకుని బిల్లు మీద వేలు కదిపింది. పదకొండు అంకెలు. పదకొండూ సరిపోయాయి.

"మీరు రాసింది సరిగ్గానే ఉందక్కా. ఒక్క అంకె కూడా తప్పు లేదు," అంది ఎలక్ట్రీషియన్.

ఆమె ఆ అంకెల్ని మళ్ళీ మొదట్నుంచీ వేలు పెట్టి చదువుకుంది, ఈసారి పైకే.

చిన్నమామయ్య అప్పటికే తల నించి కాలి దాకా తెల్లగా, పిండి మరలోంచి వచ్చినవాడిలా నిలబడి గోడకి చెయ్యి ఆనించాడు. మడతబందుల మీద తనకి మొదట్నుంచీ అనుమానం ఉందని, కిందపడటం తన పథకంలో మూడో అంకమని, అందుకే రెండు తలుపుల్నీ ఏకకాలంలో పట్టుకున్నానని ఎలక్ట్రీషియన్‌కి వివరించాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, ఈసారి పడేటప్పుడు మెయిన్ స్విచ్చి పట్టుకోకండి తాతగారూ అంది. దర్జీకి క్షమాపణ చెప్పమంటే, నిర్దోషి అని తేల్చిందే నేను, వాడే నాకు కృతజ్ఞతలు చెప్పాలన్నాడు.

మర్నాడే మనుషులొచ్చి గోడకి చార్జింగ్ పెట్టె బిగించారు. దాని మీద చిన్న పచ్చ లైటు. భర్త సాయంత్రం వేళకి ఇంటికి రావడం, కారు తాళంచెవితోపాటు కారు కూడా రావడం మొదలైంది. ఆమె రోజూ పడుకునేముందు ఒకసారి కిటికీలోంచి ఆ లైటు చూసి గానీ పక్క ఎక్కేది కాదు.

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్నమామయ్య కొత్త కేసు ప్రకటించాడు. ఆ పచ్చ లైటు మూడుసార్లు వెలిగి ఒకసారి ఆగుతోందట, ఎవరికో సంకేతం పంపుతోందట. మీటరు గదిలో మాటు వేస్తానని, శత్రువుకి అనుమానం రాకుండా బయటినుంచి గడియ పెట్టమని ఆమెని బతిమాలాడు. ఫోను మోగితే కొంప మునుగుతుందని దాన్ని సోఫాలోనే వదిలేశాడు. ఓ అరగంట ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కదా అని ఆమె గడియ పెట్టి వచ్చింది.

సరిగ్గా పది నిమిషాలకి పాప ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆమె కేకేయడం, భర్త తాళంచెవి అందుకోవడం, కారు ఎక్కడం, అన్నీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. కారులో చార్జింగ్ నిండుగా ఉంది. దారి పొడుగునా ఆమె ఆ అంకె కేసి, పాప ముఖం కేసి మార్చి మార్చి చూసింది. పావుగంటలో ఆసుపత్రి. ఇప్పుడు పాప ముక్కుకి చిన్న మాస్కు ఉంది, ఊపిరి నెమ్మదిగా దారిలో పడుతోంది. భయం లేదు, గంటాగి తీసుకెళ్ళండి అంది డాక్టరు.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది.

భర్త ఓనరమ్మకి ఫోను చేశాడు. ఆవిడ కూతురింట్లో ఉంది. దర్జీ షాపులో ఉన్నాడు, ఆదివారం గిరాకీ, ఫోనెత్తడం లేదు. చిన్నమామయ్యకి చేస్తే సోఫా ఎత్తదు. గదిలో గాలాడుతుంది గానీ ఫ్యాను లేదు, మంచినీళ్ళు లేవు, మూడింటికి వేసుకోవాల్సిన బీపీ మాత్ర టేబులు మీదే ఉంది.

అందుకని మీలో ఎవరైనా అటుగా వెళ్తూ, మూడు వాటాల ఇల్లు, గోడకి పచ్చ లైటు వెలుగుతున్న కొత్త పెట్టె కనిపిస్తే, దయచేసి లోపలికెళ్ళి మెట్ల కింద గది గడియ తీసి ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో ఒకసారి చూడండి. తీసేముందు మీరెవరో గట్టిగా చెప్పండి. లేకపోతే మీ మీద దూకుతాడు.